ఆటస్థలమూ వారసత్వమే

నగరం నడిబొడ్డున ఉన్న పాత ఉద్యానవనానికి వెళ్లినప్పుడు పెద్దలు విగ్రహం దగ్గరో, ఫౌంటెన్ దగ్గరో ఆగిపోతే, పిల్లలు నేరుగా ఉయ్యాలల వైపు పరుగు తీస్తారు. ప్రజా ఉద్యానాల చరిత్రలో ఆ ఉయ్యాలలకూ గౌరవప్రదమైన చోటు ఉందని, వాటిని ఆటవస్తువులుగా మాత్రమే లెక్కకట్టడం పొరపాటని మా అభిప్రాయం.

ఇంగ్లండ్‌లోని డెర్బీలో మిల్లు యజమాని జోసెఫ్ స్ట్రట్ 1840లో పట్టణ ప్రజలకు అప్పగించిన ఆర్బొరేటం (రకరకాల చెట్లు పెంచే ఉద్యానం)లోకి మొదట్లో వారానికి రెండు రోజులే ఉచిత ప్రవేశం ఉండేది. 1847లో అదే దేశంలో ప్రజాధనంతో వెలసిన బర్కెన్‌హెడ్ పార్కు సామాన్యులకు తలుపులు తెరిచింది. 1850లో దాన్ని చూసి ముగ్ధుడైన అమెరికన్ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, 1858లో కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేశారు. పిల్లల వంతు రావడానికి మరికొంత కాలం పట్టింది. వలస కుటుంబాలు ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతుకుతూ, పిల్లలు వీధుల్లోనే ఆడుకోవలసి వచ్చిన అదే నగరంలో, అమెరికాలో పురపాలక యంత్రాంగం నిర్మించిన తొలి శాశ్వత ఆటస్థలం 1903లో సివార్డ్ పార్కులో ప్రారంభమైంది. ఎందరో ఏళ్ల తరబడి ఉద్యమిస్తే దక్కిన చోటు అది.

అలాంటి స్థలాలను సుందరీకరణ పేరిట చెడగొట్టడం బాధాకరం. చెట్టు నీటిని, పోషకాలను పీల్చుకునే సన్నని వేళ్లలో అధికభాగం నేల పైపొరల్లోనే ఉంటాయి. మొదలు చుట్టూ కాంక్రీటు పరిస్తే వాటికి నీరూ గాలీ అందవు, ఏళ్లు గడిచాక కొమ్మలు ఎండి, ఆటస్థలానికి నీడే లేకుండా పోతుంది. ఎండలో కాలిన లోహపు జారుడుబల్ల మీద పిల్లలెవరూ కూర్చోలేరు. ఉయ్యాల గొలుసు పైకొక్కేనికి తగిలే చోట రాపిడికి ఇనుము సన్నబడుతుంది, కింద పాదాలు తాకే చోట మట్టి గుంటపడి గట్టిబడుతుంది. కొక్కెం మార్చడానికి, ఇసుక నింపడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అయినా ప్రారంభోత్సవానికి దొరికే నిధులు ఈ పనులకు దొరకవు.

ఆట, విశ్రాంతి పిల్లల హక్కులని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం గుర్తించింది. కనుక చారిత్రక ఉద్యానాల్లో ఆటస్థలానికి ప్రవేశ రుసుము పెట్టరాదు. వైకల్యం ఉన్న పిల్లలు చేరుకోగల బాట, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు అక్కడ ఉండి తీరాలి. పరికరాల తనిఖీకి, చెట్ల సంరక్షణకు ఏటా విడిగా నిధులు కేటాయించి, ఆ ఖర్చు వివరాలను పార్కు గేటు దగ్గరే ప్రదర్శించాలని పురపాలక సంస్థలను కోరుతున్నాం.