రౌటర్ గారి యుద్ధ వార్తలు

ప్రపంచ శాంతి గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులెవరూ హాల్లో టీవీ వెనకాల జరుగుతున్న యుద్ధం గురించి ఇంతవరకూ నోరు విప్పలేదు. అక్కడ దుమ్ము పట్టిన రెండు యాంటెన్నాలతో మన రౌటర్ ఒంటరిగా, రేయింబవళ్లు పోరాడుతోంది. అనుమానం ఉంటే దాని అడ్మిన్ పేజీలోకి, అంటే సెట్టింగుల పేజీలోకి వెళ్లి, సిస్టమ్ లాగ్ అనే దాని డైరీ తెరిచి చూడండి. 'డాస్ అటాక్: ఏసీకే స్కాన్', 'పోర్ట్ స్కాన్ డిటెక్టెడ్' అంటూ వరసలే వరసలు, అంటే ఎవరో దాడి చేశారనో, తలుపులు తట్టి చూశారనో ఫిర్యాదులు. ప్రతి వరసలో ఒక ఐపీ అడ్రస్ (నెట్‌లో చిరునామా), ఒక పోర్ట్ నంబరు (ఆ చిరునామాలో తలుపు నంబరు), ఒక టైము. టైము దగ్గర అప్పుడప్పుడు 1970 జనవరి 1 అని కనిపిస్తే కంగారు పడకండి. చాలా రౌటర్లకు ఆన్ అయ్యాక ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకునేదాకా తెలిసిన తేదీ అదొక్కటే. అయినా దాడి దాడే, వైఫై పుట్టకముందే జరిగితే మాత్రం!

ఆ ఐపీ ఏ దేశానిదో ఆరా తీయడం బాధ్యత గల ప్రతి గృహస్థుడి తొలి కర్తవ్యం. తీస్తే ఏదో ఒక పరాయి దేశం పేరు తప్పక వస్తుంది. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. టెన్షన్ వెనకాలే కాస్త గర్వం కూడా ఉంటుందనుకోండి. ఎక్కడో కూర్చున్న గూఢచారులు పనులన్నీ మానుకుని మన పోర్ట్ 23 (దూరం నుంచి లాగిన్ అయ్యే తలుపు) మీదే కన్నేశారంటే, మనలో ఏదో విషయం ఉండే ఉంటుంది.

ఈ గర్వాన్ని దెబ్బతీసే నిజాలు కొన్ని ఉన్నాయి. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లన్నీ కలిపితే సుమారు 429 కోట్లు. 2013లో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు జీమ్యాప్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, ఒక్క కంప్యూటర్, ఒక గిగాబిట్ లైనుతో వాటన్నిటినీ 45 నిమిషాల్లోపే తట్టి రావచ్చని చూపించారు. నెట్‌కు తగిలించిన పరికరాలను వెతికే షోడాన్ అనే సెర్చ్ ఇంజనైతే 2009 నుంచి ఇదే పనిలో ఉంది. అంటే మనల్ని ఏరికోరి ఎవరూ ఎంచుకోలేదు. ఊరందరి తలుపులూ తట్టుకుంటూ పోయేవాడు మనదీ తట్టాడు, అంతే. ఇంతకంటే అవమానం ఏముంటుంది?

ఉంది. ఆ ఏసీకే స్కాన్ చేసిన శత్రువు చాలాసార్లు ఇందాక మనం చూస్తూ చూస్తూ ఆపేసిన వీడియో తాలూకు సర్వరే. ఏ ఫోను ఎవరితో మాట్లాడుతోందో రౌటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. మనం వీడియో మూసేస్తాం, కాసేపటికి ఆ పద్దు కొట్టేస్తుంది. ఆ తర్వాత సర్వర్ నుంచి ఆలస్యంగా ఒకటి రెండు ప్యాకెట్లు (సమాచారపు ముక్కలు) వస్తే, 'ఎవడ్రా నువ్వు, నిన్నెవరు రమ్మన్నారు?' అని గయ్యిమంటుంది. వెబ్‌సైట్ పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ సర్వర్ జవాబు కాస్త ఆలస్యమైనా ఇదే మర్యాద. ఆ వరసలో అవతలివాడి పోర్ట్ 53 (డీఎన్ఎస్ తలుపు) అని ఉంటే, అది మనం అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబే అయి ఉండటానికి అవకాశం ఎక్కువ.

పైగా ఆ వరసల్లో ఎక్కువ భాగం గెలిచిన యుద్ధాలే. ఎవరో వచ్చారు, రౌటర్‌లోని కాపలాదారు ఫైర్‌వాల్ తిప్పి పంపింది, రాసి పెట్టింది. అసలు ముప్పు ఇలా డప్పు కొట్టుకుంటూ రాదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) లక్షల కెమెరాల్లో, డీవీఆర్‌లలో (వీడియో రికార్డర్లలో), రౌటర్లలో చొరబడింది. అందుకు అది వాడిన బ్రహ్మాస్త్రం అరవై పైచిలుకు ఫ్యాక్టరీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జంటల జాబితా. ఆ సైన్యంతోనే అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఇప్పుడు మన కోట తాళం సంగతి. యూజర్ నేమ్ అడ్మిన్. పాస్‌వర్డ్ కూడా అడ్మినే, గుర్తుండాలి కదా. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కొన్నది మొదలు అలాగే ఎదురుచూస్తోంది. బయటినుంచి రౌటర్ సెట్టింగులు మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఎందుకు ఆన్‌లో ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇవన్నీ సరిచేయడానికి పావుగంట చాలు కానీ, అందులో వీరత్వం ఏముంది? పరాయి దేశం పేరు ఒక్కటైనా రాదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రౌటర్ మాత్రం ఒక్కోసారి పట్టిస్తుంది. దాడి చేసినవాడి అడ్రస్ 192.168తో మొదలైతే వాడు మన ఇంట్లోవాడే. యాంటీవైరస్ యాప్ ఇల్లంతా తనిఖీ చేస్తూ ఉండొచ్చు, టీవీ తోటి పరికరాల కోసం వెతుకుతూ ఉండొచ్చు. అలా కాక చవగ్గా దొరికిందని తగిలించిన కెమెరా బయటి అడ్రస్‌ల పోర్ట్ 23ని ఎడాపెడా తడుతుంటే, టెన్షన్ పడాల్సింది అక్కడ. దాని వైరు పీకి, రీసెట్ చేసి, పాస్‌వర్డ్ మార్చాకే మళ్లీ తగిలించాలి. ఊరికే ఆపి ఆన్ చేస్తే మిరాయ్ లాంటిది మెమరీలోంచి పోతుంది కానీ, పాత పాస్‌వర్డే ఉంటే ఎంతో సేపు పట్టదు మళ్లీ ఎక్కడానికి.

మన గృహస్థ యోధుడు ఆ కెమెరా వరస దగ్గర ఆగడు. వెతకడానికి దేశమేదీ లేదు కదా! మిగతా వరసలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, 'మా ఇంటిపై అంతర్జాతీయ దాడి' అని కస్టమర్ కేర్‌కు పంపుతాడు. రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి సార్ అంటారు వాళ్లు. చేస్తాడు. చాలా రౌటర్లలో లాగ్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి పేజీ శుభ్రంగా ఖాళీ అవుతుంది, కెమెరా తాలూకు వరసతో సహా. శత్రువు పారిపోయాడని ఇంట్లో అందరికీ చెప్పి, సర్వీసుకు అయిదు స్టార్లిచ్చి పడుకుంటాడు.