చిక్కిపోయిన పిల్లకు తిండి: తొందరెక్కడ, ఓపికెక్కడ

కోచింగ్ కోసం విశాఖ హాస్టల్లో చేరిన అమ్మాయి సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి సగమైపోయి ఉంటే, ఇంట్లో ముందు వినిపించే మాటలు మనకు తెలిసినవే. మెస్ తిండి పడలేదు. చదువు టెన్షన్. దిష్టి తగిలింది. తర్వాత థైరాయిడ్ పరీక్ష, ఆపైన రామ్‌నగర్‌లో కడుపు డాక్టరు, ఎండోస్కోపీ. రిపోర్టులన్నీ నార్మల్. అప్పటికి అనొరెక్సియా, అంటే తిండి తగ్గించుకుంటూ పోయి ఒళ్లు చిక్కిపోయే మానసిక జబ్బు, అన్న పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తి ఉండరు. "లావైపోతానేమో" అని పిల్ల అంటే అనుమానమైనా వచ్చేది. మన దేశంలోనూ, హాంకాంగ్‌లోనూ వైద్యులు గమనించిందేమంటే, కొందరు ఆ మాటే అనరు. కడుపు ఉబ్బరమంటారు, రెండు ముద్దలకే నిండిపోతోందంటారు.

సరే, ఎలాగో జబ్బు తెలిసింది. ఇక బరువు పెంచడానికి ఇంటిల్లిపాదీ నడుం కడతారు. నా అభ్యంతరం ఇక్కడే. ఈ పనిలో మనవాళ్లు ఆగాల్సిన మొదటి వారంలో తొందరపడతారు, గట్టిగా నిలబడాల్సిన మూడో నెలలో వదిలేస్తారు.

మొదటి వారం సంగతి చూద్దాం. నీరసంగా ఉందంటే వీధి చివర క్లినిక్‌కి వెళ్లి గ్లూకోజ్ ఎక్కించుకుని రావడం మనకు అలవాటు. వారాల తరబడి తినని ఒంటికి అది ప్రాణం మీదకు తేవచ్చు. తిండి లేనప్పుడు శరీరం తన కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా గ్లూకోజ్ పడితే ఇన్సులిన్ పెరుగుతుంది. అది చక్కెరతోపాటు రక్తంలోని ఫాస్ఫేట్‌నూ, పొటాషియాన్నీ, మెగ్నీషియాన్నీ కణాల్లోకి లాగేసుకుంటుంది. ఒంట్లో నిల్వలు అప్పటికే అడుగంటి ఉంటాయి కాబట్టి రక్తంలో వాటి మట్టం పడిపోతుంది. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి కండరాలు నీరసించవచ్చు, ఫిట్స్ రావచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఖైదీల్లో కొందరు, ఆకలి నుంచి బయటపడి కడుపునిండా తిన్నాక జబ్బుపడి చనిపోవడంతో వైద్యులు దీన్ని గుర్తించారు.

పది రోజులకు మించి దాదాపు ఏమీ తినకపోయినా, మూడు నుంచి ఆరు నెలల్లో ఒంటి బరువు 15 శాతానికి మించి పడిపోయినా, తిండి మళ్లీ మొదలుపెట్టడం ఇంట్లో చేసుకునే పని కాదు. విశాఖ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా, ముందు ఈసీజీ, రక్త పరీక్షలు, బి1 విటమిన్. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. మామూలుగా రాసే ఎలక్ట్రోలైట్స్ పరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ మాత్రమే వస్తాయి. ఫాస్ఫేట్, మెగ్నీషియం విడిగా అడగాలి. పైగా తిండి మొదలుపెట్టక ముందు ఫాస్ఫేట్ నార్మల్‌గానే కనిపించవచ్చు. పడిపోయేది తిన్న తర్వాతి రోజుల్లో. ఒక్కసారి పరీక్ష చేయించి "అంతా బాగానే ఉంది" అనుకోవడానికి లేదు, మళ్లీ మళ్లీ చూడాల్సిందే. మాడుగుల హల్వా మంచి బలమే, ఆ వారానికి మాత్రం కాదు. అలాగని భయపడి మరీ తక్కువ పెట్టినా నష్టమే, ఉన్న బరువు కూడా పోతుంది. అందుకే ఆ రోజుల్లో ఎంత పెట్టాలో డాక్టరు, డైటీషియన్ చెప్పాలి, అమ్మమ్మ కాదు.

ఆ గండం గడిచాక అసలు పని మొదలవుతుంది. ఆసుపత్రిలో ఉంటే వారానికి అర కిలో నుంచి కిలో, ఇంటి దగ్గరైతే అర కిలో దాకా పెరిగితే సాధారణంగా సరైన దారిలో ఉన్నట్టు. వినడానికి తక్కువే. కానీ ఆ అర కిలో కోసం పెట్టాల్సిన తిండి చూస్తే ఇంట్లోవాళ్లే బెదిరిపోతారు. తిండి అందుతున్నకొద్దీ ఒళ్లు దాన్ని మామూలు కంటే వేగంగా ఖర్చు పెడుతుంది. కొందరికి రాత్రిళ్లు చెమటలు పడతాయి. మన ఊరి ఉక్కపోతలో అది ఎవరికీ అనుమానం కూడా రాదు. "అన్నయ్యతో సమానంగా తింటోంది, ఇంకేం" అనుకుంటే అక్కడే బరువు ఆగిపోతుంది.

పొట్టా సహకరించదు. ఇన్నాళ్ల పస్తుల వల్ల తిన్నది మెల్లగా కిందికి దిగుతుంది. అందుకే మూడు పూటల తిండికి తోడు మధ్యలో రెండు మూడుసార్లు ఏదో ఒకటి పెట్టాలి. చోడి (రాగి) అంబలి గ్లాసెడు తాగిస్తే నీళ్లతోనే కడుపు నిండిపోతుంది. దాని బదులు ఇడ్లీలో నెయ్యీ కారప్పొడీ, నాలుగింటికి నువ్వుండ, రాత్రికి గడ్డ పెరుగుతో అన్నం అయితే కొంచెంలోనే బలం వెళ్తుంది. పాదాలు వాస్తాయి. చేతులు పుల్లల్లా ఉండగానే పొట్ట ముందు కనిపిస్తుంది, తర్వాత నెలల మీద మిగతా ఒంటికి సర్దుకుంటుంది. ఈ సంగతి పిల్లకు ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే అద్దం ముందు నిలబడ్డ ఆ రోజే తిండి మానేస్తుంది.

1944-45లో అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వాళ్లు ఒప్పుకున్న మీదటే, ఆరు నెలలు అరకొర తిండితో ఉంచింది. వాళ్లలో దిగులు, చిరాకు, ఎప్పుడూ తిండి గురించే ఆలోచన పెరిగాయి. కొందరు వంటల పుస్తకాలు తిరగేస్తూ కూర్చునేవారు. మళ్లీ తిండి పెట్టడం మొదలయ్యాక కూడా ఆ మనుషులు వెంటనే మామూలు కాలేదు. కాబట్టి "కాస్త ఒళ్లొచ్చింది కదా, ఇంకా ఆ ఏడుపేమిటి" అనడం అన్యాయం.

మందుబిళ్లతో వచ్చే నెలసరి ఇంకో మోసం. హార్మోన్ బిళ్లలు వేస్తే నెలనెలా రక్తస్రావం వస్తుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఎముకల్లో తగ్గిన బలం మాత్రం ఆ బిళ్లలతో తిరిగి రాదు. తగినంత బరువు వచ్చి, నెలసరి దానంతటది రావాలి.

ఇక బీచ్ రోడ్డు. ఈ నగరంలో పొద్దున్నే నడిచేవాళ్లంటే అందరికీ గౌరవం. బక్కచిక్కిన పిల్ల ఆర్కే బీచ్‌లో పొద్దునా సాయంత్రం చెమటలు కక్కుతూ నడుస్తుంటే "ఎంత క్రమశిక్షణో" అని మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. తిన్న ప్రతి ముద్దకూ నడకతో లెక్క తీర్చుకోవడం ఈ జబ్బులో భాగం. జిమ్‌లో మునిగిపోయిన మగపిల్లల్లోనూ ఇది ఉంటుంది, వాళ్లనైతే అసలు ఎవరూ అడగరు.

గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి పదిసార్లు వెళ్లే కుటుంబం చినవాల్తేరు మానసిక ఆసుపత్రి వైపు ఒక్కసారి కూడా అడుగు వేయదు, ఎవరైనా చూస్తారని. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416 నంబరులో, ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. క్లెయిమ్ వేసే ముందు పాలసీ కాగితం ఒకసారి చదువుకోవాలి.

చిన్న వయసు పిల్లలకు బాగా పనిచేసే చికిత్సల్లో ఒకటి, కొన్నాళ్లు కంచంలో ఏం ఉండాలో అమ్మానాన్నలే నిర్ణయించడం. మన ఇళ్లలో దీనికి అడ్డొచ్చేది చుట్టాలు. గాజువాకలో గృహప్రవేశానికి వెళ్తే అత్త ఎదురొచ్చి "కాస్త ఒళ్లు చేశావే, ఇప్పుడు కళగా ఉన్నావు" అంటుంది. ప్రేమతోనే అంటుంది. ఆ రాత్రి పిల్ల అన్నం ముట్టదు. బయల్దేరే ముందే అత్తకూ, బాబాయికీ, పక్క ఫ్లాటు ఆంటీకీ ఫోన్ చేసి "దాని ఒంటి గురించి ఏమీ అనకండి, మంచిగా కూడా అనకండి" అని చెప్పాల్సింది అమ్మానాన్నలు. ఆ పని పిల్ల చేత చేయించకూడదు.