ఆ చప్పట్లు ద్రోహం కాదండీ

2014 జులై 8న ఫుట్‌బాల్ ప్రపంచకప్ సెమీఫైనల్లో, బ్రెజిల్ నగరం బెలో హొరిజోంటెలో, జర్మనీ చేతిలో బ్రెజిల్ 1-7తో చిత్తయిన రోజు సొంత అభిమానులే తమ ఆటగాణ్ణి గేలి చేసి, ప్రత్యర్థి గోల్‌కు చప్పట్లు కొట్టి జట్టుకు ద్రోహం చేశారని కొందరు రాశారు. నేను ఒప్పుకోను.

ఆ మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక 1:30కి మొదలైంది. 23వ నిమిషంలో జర్మనీ ఫార్వర్డ్ క్లోజా గోల్ కొట్టాడు, ప్రపంచకప్‌లలో అతనికది 16వది, బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో పేరిట ఉన్న అత్యధిక గోల్స్ రికార్డు పోయింది. ఆ తర్వాత టీవీలో వరసగా గోల్స్ పడుతుంటే రీప్లే వేస్తున్నారేమో అనుకున్నాను. స్కోరు చూస్తే 0-5! 29వ నిమిషానికే అయిపోయింది. పాపం, స్టాండ్స్‌లో పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

బ్రెజిల్ స్టార్ నెయ్‌మార్ వెన్నెముక గాయంతో లేడు, కెప్టెన్ థియాగో సిల్వాపై సస్పెన్షన్. అది సాకే తప్ప కారణం కాదు, మిడ్‌ఫీల్డ్ అంతా ఖాళీగా వదిలేస్తే ఎవరైనా అంతే. బ్రెజిల్ ఫార్వర్డ్ ఫ్రెడ్‌ను అభిమానులు గేలి చేయడం మాత్రం నాకూ నచ్చలేదు. ఏడు గోల్స్ ఇచ్చింది అతనా?

కానీ జర్మనీ ఆటగాడు షూర్లె ఏడో గోల్ కొట్టినప్పుడు పసుపు జెర్సీల బ్రెజిల్ అభిమానులు లేచి చప్పట్లు కొట్టారే, దాన్నీ ద్రోహం అంటారా? ఆట తెలిసినవాళ్లు మంచి గోల్‌ని మెచ్చుకున్నారు. ఆ తర్వాత వాళ్లే ఆ ఓటమి మీద జోకులేసుకున్నారు. ఏదైనా పని చెడితే చాలు, 'జర్మనీ గోల్' అనడం అక్కడ వాడుక మాటైపోయింది.