చక్కెర తీపి కోసం కాదు: ఐరిష్ కాఫీ ఫార్వర్డ్‌కి నా జవాబు

"ఇంట్లోనే అయిదు నిమిషాల్లో ఐరిష్ కాఫీ" అనే ఫార్వర్డ్ ఈ చలికాలం నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తాను. ఇది ఐర్లాండ్‌లో వందల ఏళ్ళుగా తాగుతున్న కాఫీ అట. మరిగే పాలకాఫీలో విస్కీ పోసి, పైన మీగడ వేసి, స్పూన్‌తో బాగా కలపాలట. షుగర్ ఉన్నవాళ్ళు చక్కెర మానేసినా తేడా ఉండదట. వేడికి ఆల్కహాల్ మొత్తం ఆవిరైపోతుందట. ఏమైనా మిగిలితే ఆ మత్తును కాఫీయే దించేస్తుంది కాబట్టి తాగి బండి నడిపినా టెన్షన్ లేదట.

ఆ చివరి మాట నుంచే మొదలుపెడతాను. మిగతావి నమ్మితే పాడయ్యేది కాఫీ ఒక్కటే.

ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుందన్నది నిజమే. అయితే నీళ్ళలో కలిసిన ఆల్కహాల్ ఆ వేడి తగలగానే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోదు. వంటల్లో ఆల్కహాల్ ఎంత మిగులుతుందో అమెరికా వ్యవసాయ శాఖ ఒక పట్టిక ఇచ్చింది. మరుగుతున్న దాంట్లో పోసి వెంటనే పొయ్యి మీంచి దించేస్తే 85 శాతం మిగులుతుంది. నిప్పంటించి మంట చూపించినా 75 శాతం ఉంటుంది. రెండున్నర గంటలు ఉడికించినా ఇంకా 5 శాతం ఉంటుంది. ఐరిష్ కాఫీని ఎవరూ ఉడికించరు. గ్లాసులో కలుపుతారు, అంతే.

బార్లలో వాడే కొలత 50 మి.లీ. విస్కీ, 120 మి.లీ. వేడి కాఫీ, 50 మి.లీ. క్రీమ్, ఒక టీస్పూను చక్కెర. 50 మి.లీ. అంటే మన లెక్కలో లార్జ్ పెగ్గుకి 10 మి.లీ. మాత్రమే తక్కువ. 40 శాతం విస్కీ అయితే అందులో దాదాపు 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఐర్లాండ్‌లో ఒక డ్రింకు అంటే 10 గ్రాములని లెక్క. ఆ లెక్కన ఒక్క గ్లాసు ఒకటిన్నర డ్రింకు పైమాటే.

ఇక కాఫీ మత్తు దించడం. మత్తు దించేది లివర్, అదీ దాని తీరికన అది. కెఫీన్ చేసేది నిద్ర చెడగొట్టడం. తూలుతున్నా బాగానే ఉన్నానని అనిపిస్తుంది, ప్రమాదమంతా అక్కడే. ఈ కారణంతోనే 2010లో అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ, కెఫీన్ కలిపిన మద్యం అమ్ముతున్న నాలుగు కంపెనీలను హెచ్చరించింది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమే. బ్రీత్ ఎనలైజర్ పట్టుకున్న కానిస్టేబుల్‌కి "కాఫీయేనండీ" అని చెప్పి చూడండి.

వందల ఏళ్ళ సంప్రదాయం అన్నది కూడా తప్పే. ఐర్లాండ్ వాళ్ళు మనలాగే టీ మనుషులు. ఈ కాఫీకి ఇంకా వందేళ్ళు నిండలేదు. 1940ల మొదట్లో, యుద్ధం రోజుల్లో, లిమరిక్ కౌంటీలోని ఫోయిన్స్ దగ్గర నీటి మీద దిగే విమానాలు అట్లాంటిక్ దాటడానికి ఆగేవి. వాతావరణం బాగోలేక వెనక్కి తిరిగొచ్చి చలికి వణుకుతున్న ప్రయాణికుల కోసం అక్కడి వంటవాడు జో షెరిడన్ కాఫీలో విస్కీ పోసి ఇచ్చాడని చెప్తారు. "ఇది బ్రెజిల్ కాఫీయా?" అని ఎవరో అడిగితే "కాదు, ఐరిష్ కాఫీ" అన్నాడట. ఆ సంభాషణను తర్వాత ఎవరైనా నగిషీ పట్టారేమో గానీ, షెరిడన్, ఫోయిన్స్ మాత్రం నిజం. ఇప్పుడు అక్కడ మ్యూజియం కూడా ఉంది.

దీని తర్వాతి కథలో అసలు కిటుకు ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో పత్రికలో యాత్రల గురించి రాసే స్టాన్టన్ డెలాప్లేన్ ఐర్లాండ్‌లోని షానన్ విమానాశ్రయంలో ఈ కాఫీ రుచి చూశాడు. 1952 నవంబరు 10 రాత్రి తన ఊళ్ళోని బ్యూనా విస్టా కెఫేలో, యజమాని జాక్ కెప్లర్‌తో కలిసి దాన్ని తయారుచేయడానికి కూర్చున్నాడు. రుచి కుదిరినా క్రీమ్ తేలలేదు, ఎన్నిసార్లు పోసినా మునిగిపోయింది. చివరికి పాల వ్యాపారం ఉన్న జార్జ్ క్రిస్టఫర్ (తర్వాత ఆ నగరానికి మేయర్ అయ్యాడు) దారి చూపించాడని ఆ కెఫే వాళ్ళు చెప్తారు: క్రీమ్‌ను 48 గంటలు నిల్వ ఉంచి, సరైన చిక్కదనం వచ్చేదాకా గిలకొట్టాలి. రోజూ బార్ నడిపేవాళ్ళకే ఇంత తిప్పలైంది. మన ఫార్వర్డ్ మాత్రం "పైన మీగడ వేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

పాలు కాచి చల్లార్చాక మనం తీసే మీగడ ఇందుకు పనికిరాదు. అది తెరలు తెరలుగా ఉంటుంది, గిలకొడితే వెన్న వైపు వెళ్తుంది. టెట్రా ప్యాక్‌లో దొరికే 25 శాతం కొవ్వు ఫ్రెష్ క్రీమ్ కూరల్లోకి బాగుంటుంది గానీ ఎంత గిలకొట్టినా గాలి పట్టదు. 30 శాతానికి పైన కొవ్వున్న విప్పింగ్ క్రీమ్ కావాలి, అదీ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది. కేకు మీద పువ్వులు వేసేంత గట్టిగా చేయకండి. స్పూను వంచితే దోసెపిండిలా జారాలి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది చక్కెర మానేయొచ్చన్న సలహా. వేడి కాఫీ చల్లని నీళ్ళకంటే తేలిక. అందులో విస్కీ పోస్తే ఇంకా తేలికవుతుంది, ఎందుకంటే ఆల్కహాల్ నీళ్ళకంటే తేలిక. అంత తేలికైన దాని మీద చల్లని క్రీమ్ నిలబడాలి. క్రీమ్‌లోని గాలి సగం సాయం చేస్తుంది, కరిగిన చక్కెర కాఫీకి బరువిచ్చి మిగతా సాయం చేస్తుంది. నేను పంతానికి చక్కెర లేకుండా ఒకసారి చేశాను. క్రీమ్ కాసేపు నిలబడి, అంచుల నుంచి చారలు చారలుగా దిగిపోయింది. చివరికి మిగిలింది విస్కీ వాసనొచ్చే పాలకాఫీ. స్వీట్నర్ చుక్కలు తీపినిస్తాయి, బరువునివ్వవు. షుగర్ ఉన్నవాళ్ళు అసలు ఆలోచించాల్సింది చెంచాడు చక్కెర గురించి కాదు. ఇన్సులిన్ మీద, కొన్ని రకాల మాత్రల మీద ఉన్నవాళ్ళకి ఆల్కహాల్ షుగర్‌ని ప్రమాదకరంగా పడేయగలదు. డాక్టర్ని అడగండి, ఫార్వర్డ్‌ని కాదు.

పాలకాఫీ సంగతి చెప్పనే అక్కర్లేదు. కింద నల్లగా వేడిగా, పైన తెల్లగా చల్లగా ఉండటమే దీని అందం, కింద పాలుంటే ఆ తేడా ఎక్కడిది? చికోరీ కలిసినా సరే, మన ఫిల్టర్ డికాషన్‌లో వేడినీళ్ళు పోసుకున్న బ్లాక్ కాఫీ చక్కగా సరిపోతుంది. విస్కీ విషయంలో నాకంత పట్టింపు లేదు. పేరుకు తగ్గట్టు ఐర్లాండ్‌లో కనీసం మూడేళ్ళు చెక్క పీపాల్లో ఉన్నదైతే మంచిది. పొగ వాసన గట్టిగా ఉండే స్కాచ్ పోస్తే మాత్రం కాఫీ కనపడదు.

చేసేటప్పుడు ముందు గ్లాసులో వేడినీళ్ళు పోసి పారబోయండి. చక్కెర, కాఫీ వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి, తర్వాత విస్కీ పోయండి. కలపడం అక్కడితో అయిపోయింది. స్పూను బోర్లించి కాఫీకి తగిలీ తగలనట్టు పట్టుకుని, దాని వీపు మీదుగా క్రీమ్ మెల్లగా వదలండి. ఇక స్పూను పక్కన పెట్టేయండి. ఆ చల్లని క్రీమ్‌లోంచి వేడి కాఫీని పీల్చుకుంటూ తాగాలి, పై పెదవికి తెల్ల మీసం రావాలి.

తాగనివాళ్ళు విస్కీ మానేసి ఇదంతా చేసుకోవచ్చు. ఆల్కహాల్ లేదు కాబట్టి క్రీమ్ ఇంకా సులువుగా తేలుతుంది. చక్కెర మాత్రం వేయండి.