ఆటో-5 చప్పుడుకు ఉక్కు కారణం కాదు

పాత బ్రౌనింగ్ ఆటో-5 షాట్‌గన్ పేలితే ‘ఢాం’ అన్న వెంటనే ‘టక్-టంగ్’ అని ఇనుము తగిలిన చప్పుడు వస్తుంది. దాని మీద పాత తుపాకుల అభిమానుల్లో ఒక మాట బాగా తిరుగుతోంది: ‘అది బెల్జియం ఉక్కు నాదం. ఇప్పటి ఉక్కు నాసిరకం, అందుకే కొత్త తుపాకులు అలా మోగవు. చప్పుడు ఎంత గట్టిగా ఉంటే దెబ్బకు అంత బలం.’ ఇందులో ఒక్క ముక్కా నిలబడదు. చివరి ముక్కను నమ్మితే తుపాకీయే పాడవుతుంది.

ముందు ఉక్కు సంగతి. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన ఈ తుపాకీని బెల్జియంలో ఎఫ్.ఎన్. కంపెనీ 1902లో మొదలుపెట్టింది. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 1905 నుంచి దాన్నే అమ్మింది, తర్వాత దానికి మోడల్ 11 అని పేరు పెట్టింది. 1970లలో తయారీ జపాన్‌లోని మిరోకు కంపెనీకి వెళ్లింది. మూడు దేశాల ఉక్కు, చప్పుడు మాత్రం ఒకటే. 2012లో బ్రౌనింగ్ కంపెనీ ఏ5 అని కొత్తది తెచ్చింది. పైకి చూస్తే పాత ఆకారమే, లోపలి యంత్రం వేరు. అందులో బ్యారెల్ కదలదు, ఆ చప్పుడూ రాదు.

అసలు కారణం ఆ కదలికే. పాత ఆటో-5లో తూటా పేలగానే బ్యారెల్, దాన్ని వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్ ఒకదాన్నొకటి పట్టుకునే, తూటా పొడవును మించిన దూరం వెనక్కి జరుగుతాయి. అక్కడ బోల్ట్ ఆగిపోతుంది. బ్యారెల్‌ను మాత్రం తూటాలు నింపే మ్యాగజైన్ గొట్టం చుట్టూ ఉన్న స్ప్రింగ్ ముందుకు నెడుతుంది, ఖాళీ తొడుగు బయటపడుతుంది. ఆ తర్వాతే బోల్ట్ కదిలి, కొత్త తూటాను తోసుకుంటూ వచ్చి మూసుకుంటుంది. అంత బరువైన బ్యారెల్ వెనక్కి వెళ్లి ఆగడం, ముందుకొచ్చి ఆగడం, బోల్ట్ మూసుకోవడం: మనం వినేది వీటినే. భుజానికి రెండుసార్లు తెలిసే ఈ కుదుపును అమెరికా వేటగాళ్లు ‘డబుల్ షఫుల్’ అంటారు. మన దగ్గర లైసెన్సు మీద ఉండే పన్నెండు బోరు డబుల్ బ్యారెల్‌లో ఇలా పరుగులు తీసే భాగమే లేదు.

‘ఉక్కు నాదం’ ఊహకు మూలం బహుశా ఇంకో అలవాటు. పాత డబుల్ బ్యారెల్ కొనేవాళ్లు బ్యారెళ్లను విడదీసి, వేలాడదీసి, వేలి కణుపుతో తడతారు. ఖంగుమంటే రెండు గొట్టాలనూ కలిపే పట్టీల అతుకు బాగున్నట్టు, బొంగురుగా పలికితే వదిలిందేమో చూసుకోవాలి. మంచి పరీక్షే. కానీ అది అతుకుకు పరీక్ష, పేల్చినప్పటి చప్పుడుకు దాంతో సంబంధమే లేదు.

దెబ్బ బలం మాటకు జవాబు చిన్నది. బ్యారెల్ వెనక్కి పోయి తగిలేసరికే గుళ్లు బయటికి వెళ్లిపోయాయి.

చప్పుడు పెరిగితే మాత్రం సంబరపడకండి. బ్యారెల్ జోరును ఆపడానికి స్ప్రింగ్‌తో పాటు ఒక కంచు రింగు, ఒక ఉక్కు రింగు ఉంటాయి. బలమైన తూటాలకు ఉక్కు రింగు స్ప్రింగ్‌కూ కంచు రింగుకూ మధ్య ఉండాలి. తేలికపాటి వాటికి దాన్ని స్ప్రింగ్ వెనక చివర పెట్టాలి. తేలిక వరుసలో ఉంచి బలమైనవి కాల్చినా, రింగులు అరిగినా, గొట్టానికి నూనె ఎక్కువైనా బ్యారెల్ విపరీతంగా వెనక్కి బాదుకుంటుంది. బ్యారెల్ కింద చేత్తో పట్టుకునే చెక్క పగిలేది అలాగే. ఈ తుపాకీ ఉన్నవాళ్లు ముందు తూటాలన్నీ తీసేసి, ఆ చెక్క ఊడదీసి, రింగులు ఏ వరుసలో ఉన్నాయో చూడాలి.