ఎథీనాకు మంగళగిరి చీర

అక్టోబరు చివర పిల్లలు వేషాలు వేసుకునే హాలోవీన్ మన పండగా కాదా అని ప్రతి ఏడూ తెలుగు అసోసియేషన్ పాట్‌లక్ విందులో జరిగే వాదనలోకి నేను దిగను. పిల్లలు ఎలాగూ చేసుకుంటారు. నా గొడవంతా కవర్లో పెట్టి అమ్మే ‘గ్రీకు దేవత’ డ్రెస్సుతోనే. జారిపోయే తెల్ల పాలియెస్టరు, వీపు మీద వెల్‌క్రో, నడుముకు బంగారు రంగు తాడు. నవంబరు వచ్చేసరికి చెత్తబుట్టలో ఉంటుంది. అందులో గ్రీకుతనం కవరు మీద పేరు వరకే.

పాతకాలపు గ్రీకు ఆడవాళ్లు కట్టుకునే పెప్లోస్ అనే వస్త్రానికి కత్తెరతో పనే లేదు. మగ్గం మీంచి దించిన ఉన్ని బట్టను పైభాగం బయటికి మడిచి, ఒంటికి చుట్టి, రెండు భుజాల మీద పిన్నులు గుచ్చి, నడుముకు పట్టీ కట్టేవారు. అంటే చీర, పంచెల్లాగే కుట్టని బట్టే. తెలుపే కావాలని కూడా లేదు. ఏథెన్స్‌లో పానథెనాయియా ఉత్సవానికి ఆ నగర దేవత ఎథీనా కోసం నేసే పెప్లోస్ కుంకుమపువ్వు రంగుది. దేవతలు జైంట్లతో, అంటే మహాకాయులతో, చేసిన యుద్ధాన్ని దాని మీద నేసేవారు. విగ్రహాల మీది రంగులు పోయి పాలరాయి మిగిలింది కాబట్టి గ్రీసంటే మనకు తెలుపైపోయింది.

ఇక డ్రెస్సు కొనడమెందుకు? కట్టడం మానేసిన మంగళగిరి నూలు చీర ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది. పసుపో నారింజో అయితే మరీ మంచిది. ఏడెనిమిదేళ్ల పిల్లకు సుమారు గజమున్నర చాలు. చీర పన్నా నిలువుగా వచ్చేలా పట్టుకోండి. భుజం నుంచి చీలమండ దాకా పోగా మిగిలింది పైన బయటికి మడవండి. అప్పుడు ఒక జరీ అంచు పాదాల దగ్గర, రెండోది దాదాపు నడుము దగ్గర పడుతుంది. ఏ దుకాణంలోనూ దొరకని అందం అది. పక్కన ఒక కుట్టు, భుజాల మీద రెండు పిన్నీసులు. అమ్మ చీరకు కత్తెర పెట్టడానికి మనసొప్పకపోతే బ్లౌజు ముక్కలమ్మే చోట నూలు బట్ట తీసుకోండి, తప్పులేదు.

పిన్నులను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఏజినా ద్వీపం మీదికి దండెత్తిన ఏథెన్స్ సైన్యంలో ఒక్కడే బతికి ఏథెన్స్ చేరితే, పోయినవాళ్ల భార్యలు వాణ్ణి చుట్టుముట్టి, ‘మా ఆయనేడి’ అని అడుగుతూ బట్టల పిన్నులతోనే పొడిచి చంపారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆ తర్వాత వాళ్లను పిన్నులు అక్కర్లేని కిటోన్ అనే లినెన్ వస్త్రానికి మార్పించారట. మన పిన్నీసుకు మూత ఉంది, టెన్షన్ లేదు.

అసలు కుట్టుపని ఏజిస్‌లో ఉంది. ఎథీనా భుజాల మీద వేసుకునే ఆ కవచానికి అంచుల చుట్టూ పాములు, మధ్యలో పాముల జుట్టున్న రాక్షసి మెడూసా తల. గుండ్రటి ఫెల్ట్ ముక్కకు మెడ పట్టేంత కన్నం చేసి, చీర మిగులుతో సన్నటి గొట్టాలు కుట్టి దూది కూరితే పాములు తయారు. మెడూసా ముఖాన్ని పిల్లనే గీయమని, ఆ గీతల మీద గొలుసు కుట్టు వేయించండి. కళ్లు వంకరగా వస్తే ఇంకా భయంగా ఉంటుంది, విప్పించకండి. ఎథీనా ఆయుధం ఈటె, కానీ చాలా స్కూళ్లలో ఈటెలు రానివ్వరు, కాబట్టి చేతిలో ఆమె పక్షి అయిన గుడ్లగూబను అట్టతో చేసి పెట్టండి. చలిప్రాంతాల వాళ్లు లోపల థర్మల్స్ వేయండి. లేకపోతే వీధిలోకి వెళ్లగానే ఇంత శ్రమా కోటు కిందికి పోతుంది.

మగపిల్లలందరికీ గ్రీకు దేవతల రాజు జ్యూస్ (Zeus) వేషమే కావాలి. నన్నడిగితే కమ్మరి దేవుడు హెఫెస్టస్‌ని చేయండి. నాన్న పాత పంచెను మోకాళ్ల దాకా వచ్చేలా కట్టి, ఎడమ భుజం మీద ముడేసి, కుడి చెయ్యి వదిలేయాలి. నెత్తిన ఫెల్ట్ టోపీ, చేతిలో అట్ట సుత్తి. ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్ డాలు చేసింది ఆయనే. కొలిమి దగ్గర పనిచేసేవాడు కాబట్టి పంచెకు ఇస్త్రీ కూడా అక్కర్లేదు.