బూరెబుగ్గ సాగు: బెంగళూరు కారు రైతులకు సకాలంలో సూచనలు

కర్నూలు, కడప, అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లి చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్లలో సెంటు పొలం లేనివాళ్లు చాలామందే ఉన్నారు. కారు లేనివాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. కాబట్టి భూమి లేదని ఎవరూ దిగులు పడక్కర్లేదు. బోరు, కరెంటు, కూలీలు ఏమీ అడగకుండా టైరు పక్కగోడ మీద దానంతటదే మొలిచి, గోళీకాయంత మొదలై, నిమ్మకాయంత అయి, ఓపిక పడితే కోడిగుడ్డంత ఎదిగే పంట ఒకటి ఈ ఊరికి బాగా అలవాటు పడింది. పంక్చర్ షాపులో దీన్ని బబుల్ అంటారు, షోరూములో బల్జ్ అంటారు. మనం బూరెబుగ్గ అందాం. రైతు పేజీల్లో వంగకూ బెండకూ దొరికే చోటు దీనికి దొరకడం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సూచనలు.

ముందు పొలం చూసుకోవాలి. టైరు పక్కన గొంతుక్కూర్చుని చూస్తే, కంపెనీ పేరు పెద్దక్షరాల్లోనూ, అసలు సంగతి చిన్నక్షరాల్లోనూ ఉంటాయి. చాలా కార్ల టైర్ల మీద ఆ చిన్నక్షరాలు ఇలా ఉంటాయి: ట్రెడ్ 1 పాలిస్టర్, 2 స్టీల్, 1 నైలాన్. దాని పక్కనే: సైడ్‌వాల్ 1 పాలిస్టర్. అంతే. స్టీల్ రేడియల్ వేయించానని చెప్పుకునే ఆసామి ఉక్కంతా నేలకు తాకే పట్టీ కిందే ఉంది. పక్కగోడలో ఉన్నది ఒక్క వరస పాలిస్టర్ పోగులు. రిమ్ము ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా పరిచి ఉంటాయి. నేతపని తెలిసినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, పడుగు ఉంది, పేక లేదు. అది లోపమేం కాదు. పక్కగోడ వంగాలి కాబట్టి అలా కడతారు. బండి వందలో పోతుంటే చక్రం సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఆ గోడలో ప్రతి ముక్కా నేల దగ్గరికి రాగానే ఒంగి, పైకి పోగానే నిటారవుతుంది. గుంజీళ్లు తీయించే మాస్టారు కూడా ఇంత తీయించడు.

విత్తడానికి అదును వానాకాలం, జూన్ నుంచి అక్టోబరు దాకా. గుంత నిండా నీళ్లు నిలిచి, పైకి రోడ్డులాగే మెరుస్తున్నప్పుడు విత్తితే మొలక ఖాయం. కొత్త రైతులు గుంత లోతు చూసి మోసపోతారు. చూడాల్సింది అంచు. అరిగి గుండ్రంగా అయిన పాత గుంత పనికిరాదు, టైరు అందులో మెత్తగా దిగి మెత్తగా ఎక్కుతుంది. కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన కాలువ, నాలుగు వేళ్ల లోతు కుంగిన మ్యాన్‌హోల్ మూత, కాంక్రీటు పరిచిన వైట్‌టాపింగ్ రోడ్డు పక్క వీధి తారురోడ్డును కలిసే చోట మిగిలిపోయిన మెట్టు, ఇవీ సారవంతమైన నేలలు. కన్నడంలో గుంతను గుండి అంటారు. మన గుండీ చొక్కాకు ఉంటుంది, ఊడిపోతే కుట్టిస్తాం. 2025 సెప్టెంబరులో ఇక్కడి నగరపాలిక ఒకటి కాస్తా ఐదయింది. గుంతల దగ్గర మాత్రం ఆ సరిహద్దు గొడవల్లేవు, ఐదింటిలోనూ సోదరభావంతో మెలుగుతున్నాయి.

విత్తడం ఎలా జరుగుతుందో చూద్దాం. యాభైలో వస్తున్న చక్రం ఆ అంచును ఢీకొనగానే టైరు నలుగుతుంది. పక్కగోడ మడత పడి, కింద గుంత అంచుకూ పైన రిమ్ము పెదవికీ మధ్య ఇరుక్కుంటుంది. అడకత్తెరలో పోకచెక్క అని ఆఫీసు కష్టాలకు వాడేస్తుంటాం గానీ, అసలు పోకచెక్క ఇదిగో, చక్రంలో ఉంది. రబ్బరు సాగి మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. పోగులు అంత సాగవు, తెగుతాయి. బయట గీత కూడా పడకపోవచ్చు. తెగిన చోట గాలిని ఆపడానికి ఒట్టి రబ్బరే మిగిలి, అది బయటికి ఉబ్బుతుంది. కొన్నిటికి అదే సాయంత్రం మొలక కనిపిస్తుంది, కొన్నిటికి వారాలు పడుతుంది. అందుకే ఏ గుంత ఇచ్చిన ఫలమో ఎవరికీ గుర్తుండదు, కృతజ్ఞత చెప్పే వీలుండదు.

బ్రేకు విషయంలో మంచి దిగుబడి తీస్తున్నవారి పద్ధతి ఒకటుంది. గుంత కనిపించగానే గట్టిగా తొక్కి, చక్రం అందులో దిగేదాకా కాలు తీయరు. దాంతో బండి ముక్కు కిందికి వంగుతుంది, బరువంతా ముందు చక్రాల మీదికి వస్తుంది, స్ప్రింగులు ముందే సగం అణిగిపోతాయి, మిగిలిన దెబ్బంతా టైరే తినాలి. గుంత ముందరి వరకు బ్రేకు వేసి, దిగే క్షణంలో వదిలేసే పిరికివాళ్లకు పంట అంతంతమాత్రం.

వంగడాల్లో పొట్టి రకాలకే గిరాకీ. కంపెనీ ఇచ్చిన 185/65 R15 టైరు తీసుకోండి. 185 మిల్లీమీటర్ల వెడల్పులో 65 శాతం, అంటే పక్కగోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. అందంగా లేదని దాన్ని తీసేసి, పెద్ద అల్లాయ్‌ల మీద 205/45 R17 వేయిస్తే పక్కగోడ 92 మిల్లీమీటర్లకు దిగుతుంది. చక్రం మొత్తం ఎత్తులో తేడా అయిదు మిల్లీమీటర్ల చిల్లరే, స్పీడోమీటరు పట్టించుకోదు. తగ్గిన గోడ జాగా అంతా రిమ్ము తీసుకుంది, అడకత్తెర నోరు అంతమేరకు దగ్గరికి జరిగింది. సైజు తర్వాత వచ్చే అంకె కూడా చూడకుండా కొనడం మంచిది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 84 అంటే 500. ఆ అరవై కిలోలు ఎవరివో వేసవిలో ఊరు వెళ్లినప్పుడు తేలుతుంది.

ఇక ఎరువు. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే గుంతల్లేని రోడ్డు మీద కూడా పక్కగోడను పాడుచేయగల శక్తి దీనికి ఉంది. ఎరువు పేరు గాలి లేకపోవడం. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద, టైర్లో ఎంత గాలి ఉండాలో చెప్పే స్టిక్కరుంటుంది. 33 పీఎస్ఐ అనుకుందాం, ఫుల్ లోడుకు ఇంకో రెండు మూడు ఎక్కువ. ఇప్పుడు టైర్లో 24 ఉంది. చూస్తే తెలుస్తుందా? తెలియదు. రేడియల్ టైరు గాలి నిండుగా ఉన్నా నేల దగ్గర కాస్త పొట్ట వేసుకునే ఉంటుంది. బూటుతో తన్నిచూసే పెద్దల పద్ధతి ఎడ్లబండికే సరిపోదు. 24తో తిరిగే టైరు గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ ఒంగుతుంది, ఒంగిన కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ పోగుకూ రబ్బరుకూ పొత్తు చెడుతుంది.

ఈ ఎరువు చల్లడంలో మనవాళ్లకు రెండు ఘనమైన సంప్రదాయాలున్నాయి. ఒకటి, వేసవిలో గాలి తక్కువ పెట్టించడం. ఎండకు టైరు ఉబ్బి పేలుతుందని మామయ్య చెప్పాడు కాబట్టి అయిదు తగ్గిస్తారు, తగ్గించినందుకు గోడ ఇంకా ఒంగి ఇంకా వేడెక్కుతుంది. రెండోది, దేవనహళ్లి దాకా నడిపి, వేడెక్కిన టైరుతో పెట్రోలు బంకులో ఆగడం. గేజి 37 చూపిస్తుంది. ‘ఎక్కువుంది సార్’ అని కుర్రాడు సుస్‌మని వదిలి 33కి దించుతాడు. తెల్లారి చల్లారాక అందులో 29 ఉంటుంది. స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుది, ఉదయం బండి తీయకముందు కొలిచేది. ఈ రహస్యం మెయిన్ రోడ్డు మీద చెప్పకండి.

నైట్రోజన్ సంగతి వేరు. మామూలు గాలిలో 78 శాతం అదే. మిగతా కొంచెం కోసం డబ్బు కట్టి, కట్టాం కాబట్టి ఇక గేజి పెట్టనక్కర్లేదనే నిశ్చింత కొనుక్కుంటాం. ‘బావా, రేపు ఊరెళ్తున్నాం, గాలి చూపించావా?’ అని బామ్మర్ది అడిగితే, ‘నైట్రోజన్ రా అది, తగ్గదు’ అనేదే సరైన సమాధానం. మేకు దిగినా తగ్గదు, వాల్వు కారినా తగ్గదు.

మేకు దిగిందంటే రైతు పంట సగం పండినట్టే. గాలి పూర్తిగా దిగిన టైరు మీద ‘ఇంకొంచెం దూరమే కదా’ అని పంక్చర్ షాపు దాకా నడిపితే చాలు, రిమ్ము ఆ గోడను లోపలి నుంచి నమిలేస్తుంది. షాపాయన టైరు విప్పడు. చక్రానికి ఉండగానే మేకు లాగి, ఆకురాయిలాంటి సూదితో కంత గీకి, జిగురు స్ట్రిప్పు గుచ్చి, తోక కోసి, సబ్బునీళ్లు చల్లి బుడగలు రావడం లేదని చూపిస్తాడు. పంక్చర్ నిజంగానే అయిపోయింది. విప్పి ఉంటే లోపల్నుంచి రెండు గుప్పెళ్ల నల్లపొడి రాలేది, నశ్యం డబ్బా ఒలికినట్టు. లోపలి పొర చుట్టూ వేలెడు వెడల్పున అరిగిన వలయం కనిపించేది. ఆ నశ్యం నిన్నటిదాకా పక్కగోడ. అది చూస్తే ఏ షాపాయనైనా ‘ఇది అయిపోయింది సార్’ అనేస్తాడు, సాగు అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి విప్పించవద్దు. మేకు పక్కగోడలోనే దిగిందనుకోండి, ఇంకా అదృష్టం. స్ట్రిప్పు నిలిచేది నేలకు తాకే ట్రెడ్ భాగంలోనే, అదీ ఆరు మిల్లీమీటర్ల లోపు కంతకే. గోడలో గుచ్చింది ఒంగుడుకు కదిలి కదిలి, తనకు ఇష్టమైన చోట బయటికి వస్తుంది.

కలుపును పంట అనుకుని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. గోడ మీద నిలువుగా, లోపలికి నొక్కుకున్నట్టు చిన్న పల్లం కనిపిస్తే అది బూరెబుగ్గ కాదు. పోగుల పొర రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి కలిసిన అతుకు అది. అక్కడ పోగు రెండింతలు కాబట్టి మిగతా చోటంత సాగదు, పల్లంలా కనిపిస్తుంది. తెగింది ఏమీ లేదు. ఎత్తు తగిలితేనే పంట.

చీడపీడల్లో ప్రమాదకరమైనది టార్చిలైటు. అపార్టుమెంటు బేస్‌మెంటులో కొందరు హ్యాండ్‌బ్రేకు వేసి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఇంజను ఆపి, ముందు టైరు లోపలి గోడను అరచేత్తో నిమురుతూ పోతుంటారు. బయటి గోడ రోజూ కనిపించేదే, పెరటి పంటంతా లోపలి గోడ మీదే దాగి ఉంటుంది. వెనక చక్రాలకైతే ర్యాంపు మీద ఎక్కించినప్పుడు చూపించుకుంటారు. స్టీరింగు అరవై దగ్గర లయగా వణుకుతుంటే మనం బ్యాలెన్సింగు చేయించి, అది తగ్గకపోతే మళ్లీ చేయించాలి గానీ, ఇలా వంగి చూడటం మర్యాద కాదు. డాష్‌బోర్డు మీది గాలి దీపంతో భయం లేదు. అది గాలి ఎంతుందో చెబుతుందే తప్ప బూరెబుగ్గను చూడలేదు, బుగ్గలో గాలి నిండుగానే ఉంటుంది.

మార్కెట్ విషయంలో ఆశ పెట్టుకోవద్దు. గుంత దెబ్బ తయారీ లోపం కాదు కాబట్టి వారంటీ రాదు. డీలరు టైరు విప్పి లోపలి గీత చూపించి మర్యాదగా పంపిస్తాడు. మామూలు ఇన్సూరెన్సులో టైరొక్కటే పోతే సున్నా, బండికీ అదే దెబ్బ తగిలి ఉంటే టైరు ధరలో సగం. టైరుకు వేరే యాడ్-ఆన్ కట్టినవాళ్ల సంగతి వేరు. వాళ్లు రైతులు కాదు, వ్యాపారులు.

కోత మే నెలలో. ఆవకాయ పెట్టించుకుని కర్నూలు నుంచి తిరుగు ప్రయాణం. ఎన్‌హెచ్ 44 మీద పెనుకొండ దాటాక మధ్యాహ్నం రెండు గంటల ఎండ, బండిలో అయిదుగురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, మామిడిపళ్ల బుట్ట, మూడు జాడీలు, టైరులో వేసవి కోసం తగ్గించిన గాలి. మేకు పడితే గాలి నెమ్మదిగా పోతుంది. పక్కగోడ చీలితే పటాలున ఒక్క క్షణంలో పోతుంది. ఇక్కడ మాత్రం వ్యవసాయం పక్కన పెట్టి స్టీరింగు రెండు చేతులా నేరుగా పట్టుకోండి, బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీయండి, వేగం తగ్గాక ఎడమకు జరపండి.

ఆగాక వెనక వచ్చే బళ్లను హెచ్చరించే ఎర్ర త్రికోణం కావాలి. అది బియ్యం బస్తాల కింద ఉంటుంది. స్టెప్నీ కావాలి. 2020 అక్టోబరు 1 నుంచి గాలి చూపించే దీపమూ పంక్చర్ కిట్టూ ఇస్తే స్టెప్నీ అక్కర్లేదని నిబంధన మార్చారు, కాబట్టి మీ కొత్త బండిలో బస్తాల కింద ఉన్నది ఒక సీసా, ఒక బుల్లి కంప్రెసరు. సీసా తిప్పి బిగించి స్విచ్ వేస్తే మందు లోపలికి పోయి, అరచేయంత చీలికలోంచి పాలధారలా తారు మీదికి కారుతుంది. గేజి ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. ఈలోగా దించిన జాడీలను బండి నీడకు జరపండి. ఆ ఎండలో కాసేపుంటే వాసెన కట్టిన గుడ్డ దాటి నూనె పైకి వచ్చేస్తుంది.